రాసిన కంటికి కనబడని తప్పులు

(సాదలిలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద మాట్లాడాలని అడిగాను. "మీకు తెలిసింది చెప్పండి, పిల్లలకు పనికొచ్చేది చెప్పండి" అన్నారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయిన మనిషిని. గొప్ప గొప్ప సంగతులు చెప్పే చదువు నాకు లేదు. అయితే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రెండు పనులు చేశాను. ఒకటి రాయడం. రెండోది రాసినదాన్ని సరిచూడడం. రాయడం మీకు మీ మాస్టర్లు నేర్పుతున్నారు. సరిచూడడం ఎలాగో బడిలో ఎవరూ విడిగా నేర్పరు. "ఒకసారి చూసుకో" అంటారు, అంతే. ఎలా చూసుకోవాలో చెప్పరు. ఆ సంగతే ఈ రోజు చెబుతాను.

ఇది చిన్న విషయం అనుకునేవారికి ముందుగా ఒక లెక్క చెబుతాను. కొన్నేళ్ళ కిందటి మాట. ఊరూ పేరూ వద్దు. మన పక్క పల్లె అమ్మాయి, పి.యు.సి. మంచి మార్కులతో పాసై డిగ్రీలో చేరింది. ఆమెకు ఒక చోట నుంచి పన్నెండు వేల రూపాయల ఉపకార వేతనం మంజూరైంది. అర్జీలో బ్యాంకు ఖాతా నంబరు రాసేటప్పుడు పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారయ్యాయి. 58 ఉండవలసిన చోట 85 పడింది. అటువంటి ఖాతా లేదని డబ్బు వెనక్కి పోయింది. పోయిన సంగతి తెలియడానికి ఒక నెల, మళ్ళీ కాగితాలిచ్చి డబ్బు రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా హాస్టలు ఫీజు గడువు వచ్చింది. వాళ్ళ నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి పన్నెండు వేలు తెచ్చి కట్టాడు. నెలకు 360 రూపాయలు. మూడు నెలలకు 1,080 రూపాయలు. రెండు అంకెలు చోటు మారినందుకు ఆ ఇల్లు కట్టిన వెల అది.

"అమ్మా, ఇచ్చేముందు చదువుకోలేదా?" అని అడిగాను. "రెండుసార్లు చదివాను సార్" అంది. నేను నమ్మాను. ఆ పిల్ల నిజంగానే రెండుసార్లు చదివింది. ఆ తప్పు రెండుసార్లూ ఆమెకు కనబడలేదు.

ఎందుకు కనబడదు?

మనం చదివేటప్పుడు కన్ను ఒక్కొక్క అక్షరం మీదా ఆగదు. గంతులు వేసుకుంటూ పోతుంది. మధ్యలో వదిలేసినదాన్ని మనసు నింపుకుంటుంది. ఇతరులు రాసింది చదివేటప్పుడు తరువాత ఏం రాబోతోందో మనకు తెలియదు గనుక కన్ను కాస్త నిదానిస్తుంది. మనం రాసిందే అయితే అంతా ముందే తెలుసు. కాగితం మీద ఏముందో చూడవలసిన పని మనసుకు లేదు. తాను రాయాలనుకున్నదాన్నే చదివేసుకొని బాగుంది అంటుంది. మాట పడిపోయినా, ఒకే మాట రెండుసార్లు పడినా కనబడదు. మొదటి పంక్తి చివర "మా" అని రాసి, రెండో పంక్తి మొదట మళ్ళీ "మా" అని రాసి చూడండి. ఇంట్లోవాళ్ళకు ఇచ్చి చదివించండి. చాలామంది ఒకే "మా" చదువుతారు.

కాబట్టి తప్పు దొర్లినంత మాత్రాన పిల్లలను అజాగ్రత్త మనుషులని తిట్టడం న్యాయం కాదు. పెద్ద పెద్దవాళ్ళకే ఈ బాధ తప్పలేదు. తాటాకుల కాలంలో గ్రంథాలకు నకళ్ళు రాసేవాళ్ళు చివర ఒక శ్లోకం చేర్చే అలవాటుండేది. నడుము, మెడ వంగిపోయేలా కష్టపడి రాశాను, ఉన్నదాన్ని ఉన్నట్టు రాశాను, తప్పొప్పులకు నన్ను నిందించవద్దు అని దాని సారాంశం. పక్కనున్న కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చు వేయించాడు. ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కో రకంగా ఉండడం చూసి, ఏ ఒక్క ప్రతినీ నమ్మకుండా, పండితులను జీతాలిచ్చి పెట్టుకొని, అనేక ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి సరిచేయించాడు. సరిచూడడానికి జీతమిచ్చి మనుషులను పెట్టాడంటే ఆ పని విలువ ఆయనకు తెలుసన్నమాట.

అచ్చు వచ్చిన తరువాత కూడా తప్పులు పోలేదు. 1631లో లండనులో అచ్చయిన ఒక బైబిలులో, పది ఆజ్ఞల్లో ఒకదానిలో "నాట్" అనే చిన్న మాట ఎగిరిపోయింది. చేయకూడదు అనవలసింది చేయవలెను అని అచ్చయింది. అచ్చువేసిన ఇద్దరికీ కలిపి 300 పౌండ్ల జరిమానా పడింది. మన తెలుగువాళ్ళు అచ్చుతప్పును సంస్కృత నాటకం పేరు పెట్టి "ముద్రారాక్షసం" అని వేళాకోళం చేస్తారు. "అచ్చుతప్పు" అన్న మాటనే తిరగేసి "అప్పుతచ్చు" అని నవ్వుకుంటారు. పుస్తకంలో అయితే నవ్వుకోవచ్చు. మన అర్జీలో, మన పరీక్ష పేపరులో వస్తే నవ్వు రాదు.

బ్యాంకు పద్ధతి

తప్పు దొర్లుతుంది, రాసినవాడికి కనబడదు. బ్యాంకులు ఈ రెండు సంగతులనూ ముందే ఒప్పుకొని పని నడుపుతాయి. అందుకే ఒకరు రాస్తే ఇంకొకరు సరిచూస్తారు. గుమాస్తా ఎంత నిజాయితీపరుడైనా, ఎంత అనుభవం ఉన్నా, తాను రాసినదాన్ని తానే పాస్ చేయడానికి వీలులేదు. ఇందులో అవమానమేమీ లేదు. మనిషి కన్ను అంతే అన్న తెలివిడి మీద ఏర్పడిన నియమం అది.

రెండో పద్ధతి, ఒకే సంగతిని రెండు రకాలుగా రాయించడం. చెక్కు మీద మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఎందుకు రాయిస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? 5,000 లో ఒక సున్నా జారిపోతే 500 అవుతుంది. "అయిదు వేలు" అన్న మాటలో అలా సున్నా జారదు. రెండూ తేడాగా ఉంటే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఇప్పుడు బ్యాంకులు అలాంటి చెక్కును మామూలుగా వెనక్కే పంపిస్తాయి, అది వేరే సంగతి. ఒకటి రెండోదానికి కాపలా కాస్తుందన్నది గుర్తుపెట్టుకోండి.

మూడోది, ప్రతి తప్పుకూ ఒక గుర్తు ఉంటుంది. కంప్యూటర్లు రాకముందు లెడ్జర్లు చేత్తో రాసి, నిలువలు కూడి, మొత్తం కుదిరిందా లేదా చూసేవాళ్ళం. కుదరకపోతే రాత్రి తొమ్మిదయినా లేవడానికి లేదు. అప్పుడు పుస్తకమంతా మొదటి నుంచి గుడ్డిగా వెతికేవాళ్ళం కాదు. ముందు తేడా ఎంత ఉందో చూసేవాళ్ళం. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారై ఉండవచ్చు. 5,480 బదులు 4,580 రాస్తే తేడా 900. 63 బదులు 36 రాస్తే తేడా 27. రెండూ తొమ్మిదితో పోతాయి. 450 బదులు 45 రాసి సున్నా వదిలేసినా తేడా 405, అదీ తొమ్మిదితో పోతుంది. తేడా సరిసంఖ్య అయితే దానిలో సగం మొత్తం ఎక్కడైనా జమవైపు రాయవలసింది ఖర్చువైపు పడిందేమో చూసేవాళ్ళం. కామర్సు పిల్లలు దీన్ని పరీక్షలో ట్రయల్ బ్యాలెన్సు కుదరనప్పుడు వాడుకోవచ్చు. మిగతావాళ్ళు ఇందులోని నీతి తీసుకోండి. "తప్పులున్నాయేమో చూస్తాను" అని కూర్చుంటే ఏమీ దొరకదు. "ఈ రకం తప్పు ఉందా?" అని వెతికితే దొరుకుతుంది.

మీ ఇళ్ళలో ఈ పని ముందే జరుగుతోంది. పట్టుగూళ్ళను చంద్రికెల నుంచి తీసి శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకుపోయేముందు ఏం చేస్తారు? కుప్ప వైపు చూసి బాగానే ఉందని సంచుల్లో పోసేస్తారా? మరక పడినవి ఏరుతారు, రెండు పురుగులు కలిసి కట్టిన జంట గూళ్ళు ఏరుతారు, పలచనివి నొక్కి చూసి ఏరుతారు. ఏమేం ఏరాలో తెలుసు గనుకే చేతికి దొరుకుతాయి. రాతను కూడా అలాగే ఏరుకోవాలి.

అర్జీ నింపేటప్పుడు

ఇక పనిలోకి వద్దాం. మొదట అర్జీ. అర్జీ ఫారాన్ని ముందు ఒక జెరాక్స్ తీసుకొని దాని మీద నింపండి. సరిచూశాకే అసలు ఫారం ముట్టుకోండి. దిద్దవలసి వస్తే ఒక గీత కొట్టి పైన రాయండి. అంకె మీద అంకె రాయకండి. 3ని 8గా దిద్దితే చూసేవాడికి అది రెండూ కాదు. చెక్కుల మీద దిద్దుబాట్లయితే పనికేరావని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. తేదీని తప్ప మరేదీ దిద్దకూడదు, కొత్త చెక్కు రాయవలసిందే.

పేర్ల సంగతి చూడండి. మనవైపు వెంకటరమణప్ప అని ఒక కాగితంలో ఉంటే, నోటితో పిలిచినట్టు వెంకటరవణప్ప అని ఇంకో కాగితంలో ఉంటుంది. మునివెంకటప్ప ఒక చోట ఒకే మాట, ఇంకో చోట ముని వేరు, వెంకటప్ప వేరు. భైరారెడ్డికి ఇంగ్లీషులో "బి" తరువాత "హెచ్" ఒక చోట ఉంటుంది, ఒక చోట ఉండదు. ఇనిషియలు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనక. మనకు అందరూ ఒకటే మనిషి. కంప్యూటరుకు నలుగురు మనుషులు. కాబట్టి ఎస్.ఎస్.ఎల్.సి. మార్కుల కార్డు ముందు పెట్టుకొని, అందులో ఎలా ఉంటే అలాగే, అక్షరం అక్షరం చూసి రాయండి. జ్ఞాపకం నుంచి రాయకండి. ఎవరి పేరు వారికి బాగా తెలుసు గనుక అక్కడే తప్పు జారిపోతుంది.

ఆధార్‌లో పేరు వేరుగా ఉంటే అర్జీల కాలం రాకముందే సవరించుకోండి. అక్కడ మరీ జాగ్రత్త అవసరం. సాధారణంగా పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవడానికి వీలుంటుంది. సవరణ కేంద్రంలో ఆపరేటరు తెర చూపించి "సరిగ్గా ఉందా?" అని అడిగినప్పుడు తల ఊపేయకండి. మార్కుల కార్డు చేతిలో పట్టుకొని ఒక్కో అక్షరం పోల్చి అప్పుడు అవునండి.

తరువాత అంకెలు. పొడుగు నంబరును ఒక్క గుక్కలో చదివితే తప్పు దొరకదు. నాలుగేసి అంకెలుగా విడగొట్టండి. ఒకరు పాస్ పుస్తకం చూసి పైకి చదవాలి, ఒకరు అర్జీ మీద ప్రతి అంకెకూ పెన్సిలుతో చుక్క పెట్టాలి. ఆ తరువాత ఇద్దరూ కాగితాలు మార్చుకొని, చివరి అంకె నుంచి మొదటి అంకెకు వెనక్కి చదవాలి. వెనక్కి చదివేటప్పుడు మనసుకు అలవాటైన రాగం ఉండదు, కంటికి ప్రతి అంకె మీదా ఆగక తప్పదు.

ఐ.ఎఫ్.ఎస్.సి. కోడులో మొత్తం 11 గుర్తులు. మొదటి నాలుగు బ్యాంకు పేరును తెలిపే అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరు శాఖను తెలిపేవి. ఆ అయిదో చోట ఇంగ్లీషు "ఓ" అక్షరం రాసే పిల్లలు చాలామంది. అది సున్నా అని గుర్తుపెట్టుకుంటే ఆ తప్పు ఇక రాదు.

ఆధార్ 12 అంకెల్లో చివరిది కాపలా అంకె. హాలండు గణిత పండితుడు వెర్‌హోఫ్ 1969లో ప్రకటించిన లెక్క ప్రకారం అది ఏర్పడుతుంది. మిగతా అంకెల్లో ఒకటి తప్పినా, పక్కపక్కవి రెండు తారుమారైనా లెక్క కుదరదు, కంప్యూటరు పట్టేస్తుంది. కానీ కాగితం అర్జీ మీద ఏ అంకె రాసినా కాగితం అభ్యంతరం చెప్పదు గదా. ఖాతా నంబరు విషయంలో ఇంకో మాట. పేరు సరిగ్గా రాశాం, చాలులే అనుకోకండి. నెఫ్ట్ ద్వారా వచ్చే డబ్బు ఖాతా నంబరును బట్టి జమ అవుతుంది, పేరును బట్టి కాదు. పంపకముందే ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం 2025 ఏప్రిల్ నాటికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది, మంచిదే. కానీ అది పంపేవారి చేతిలో ఉన్న పని. నంబరు సరిగ్గా ఇవ్వడం మన చేతిలో ఉన్న పని.

దేనితో పోల్చి చూస్తున్నామో అది సరైనదో కాదో కూడా చూడాలి. పాత పాస్ పుస్తకం చూసి అక్షరం తప్పకుండా రాసినా ఒక్కోసారి తప్పే అవుతుంది. 2019లో విజయా బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసింది. 2020లో సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. 2021లో వాటి పాత కోడులు చెల్లకుండా పోయాయి. మన ఇళ్ళలో ఆ పాత పుస్తకాలు ఇంకా పెట్టెల్లో ఉన్నాయి. వాటిని చూసి రాయకండి. శాఖకు వెళ్ళి కొత్త పుస్తకం ముద్ర వేయించుకొని, దాన్ని చూసి రాయండి.

పరీక్ష పేపరులో

పరీక్ష హాలులో పక్కవాళ్ళ చేత సరిచూపించుకోవడానికి లేదు. రాసేదీ మీరే, చూసేదీ మీరే. అందుకని చివర పది నిమిషాలు మిగుల్చుకోండి. ఆ పది నిమిషాల్లో అన్నీ చూడలేరు గనుక ఎక్కువ మార్కులు పోయేదాన్ని ముందు చూడండి. మొదట ప్రశ్న నంబర్లు. జవాబు సరిగ్గా ఉండి నంబరు తప్పితే దిద్దేవారికి ఎంత చికాకు! రెండోది, వదిలేసిన ప్రశ్నలు, ముఖ్యంగా "ఎ", "బి" అని రెండు భాగాలున్నవి. మూడోది, ప్రశ్నపత్రం నుంచి ఎక్కించుకున్న అంకెలు. లెక్క చేసిన విధానం చూడకండి, ముందు ఎక్కించిన అంకెలు చూడండి. మొదటి పంక్తిలో అంకె తప్పితే తరువాత ఎంత బాగా చేసినా జవాబు రాదు. నాలుగోది యూనిట్లు, రూపాయలు, సెంటీమీటర్లు వంటివి. అక్షర దోషాలు అన్నిటికంటే చివర. భాషా పేపరులో మాత్రం వాటిని కాస్త ముందుకు జరపండి.

ఈ చూపును చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చేయండి. అలిసిపోయి రాసేది చివరి పేజీలే, తప్పులు ఎక్కువ ఉండేదీ అక్కడే. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సరిచూడడమంటే గాభరాపడి జవాబులు మార్చడం కాదు. తప్పని కారణం తెలిస్తేనే మార్చండి. ఊరికే అనుమానం వస్తే వదిలేయండి.

ఇంటి దగ్గర రాసే వ్యాసాలకు, ప్రాజెక్టులకు ఇంకొంచెం సావకాశం ఉంటుంది. రాత్రి రాసింది రాత్రే చూడకండి. ఒక నిద్ర పోయి లేచి చూస్తే అది కొంతవరకు పరాయివాడి రాతలా కనబడుతుంది. పంక్తి కింద స్కేలు పెట్టి, ఒక్కో పంక్తే కంటికి కనబడేలా జరుపుకుంటూ చదవండి.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం

గట్టిగా పైకి చదివితే తప్పులు దొరుకుతాయని అందరూ చెబుతారు. నిజమే. పడిపోయిన మాటలు, రెండుసార్లు పడిన మాటలు, ఊపిరాడనంత పొడుగు వాక్యాలు చెవికి తెలిసిపోతాయి. కానీ మన ఊళ్ళలో ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో కన్నడం రాస్తాం, అర్జీలు ఇంగ్లీషులో నింపుతాం. మన నోట్లో "హ" చాలాసార్లు నిలవదు. కన్నడంలో "హక్కి హారితు" అంటే పక్షి ఎగిరింది. మన పిల్లవాడు "అక్కి ఆరితు" అని రాస్తాడు. అంటే బియ్యం ఆరింది! రెండూ సరైన వాక్యాలే. పైకి చదివితే మన నోటికి రెండూ ఒకటిగానే వస్తాయి, చెవి ఏం పట్టుకుంటుంది?

తెలుగులోనూ అంతే. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం. మాటల్లో మనం తేడా చూపించం. "విద్యార్థి" అన్న మాటనే తీసుకోండి. విద్యను కోరేవాడు విద్యార్థి. "ద్య"కు ఒత్తు లేదు, చివర "థి"కి ఉంది. చాలా గోడపత్రికల్లో ఈ ఒత్తులు ఇటువి అటూ, అటువి ఇటూ అవుతుంటాయి. ల-ళ, న-ణ, శ-ష-స కూడా ఈ జాబితాలోవే.

వీటికి మందు చెవి కాదు, చిట్టా. ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మాస్టరుగారు ఎర్ర సిరాతో దిద్దిన ప్రతి మాటనూ అందులో సరైన రూపంలో రాసుకోండి. కొన్ని నెలలు గడిచాక చూస్తే మీకొక సంగతి తెలుస్తుంది. మీరు చేసే తప్పులు వందల రకాలు లేవు. పది పదిహేను రకాలు, అవే మళ్ళీ మళ్ళీ. సరిచూసేటప్పుడు ఆ చిట్టా పక్కన పెట్టుకొని, ఒక్కో రకం కోసం ఒక్కోసారి కాగితం మీద కన్ను నడిపించండి. "హ" కోసం ఒకసారి, ఒత్తుల కోసం ఒకసారి. నాలుగు చూపులు నాలుగు నిమిషాల పని.

ఫోను సరిచేయదా?

ఇప్పుడు ఫోన్లున్నాయి, కంప్యూటరు ఎర్ర గీత గీస్తుంది, కృత్రిమ మేధ మొత్తం తిరగరాసి ఇస్తుంది, ఇంక ఈ శ్రమ ఎందుకని కొందరు పిల్లలు అడుగుతారు. వాడుకోండి, నేను వద్దనను. కానీ ఎర్ర గీత లేని మాటనే పట్టుకుంటుంది. ఉన్న మాట తప్పు చోట పడితే చాలాసార్లు వదిలేస్తుంది. సెలవు చీటీ పైన ఇంగ్లీషులో "ఫ్రమ్" అని రాయవలసిన చోట "ఫామ్" అని రాసేవాళ్ళు ఎందరో. రెండింటికీ అవే నాలుగు అక్షరాలు, రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే. ఇక యంత్రం మీ వాక్యాన్ని నున్నగా తిరగరాసి ఇవ్వగలదు. మీ నాన్న పేరులో "రమణ"నా "రవణ"నా, మీ ఖాతాలో 58నా 85నా అన్నది దానికి తెలియదు. పైగా అది నున్నగా ఉండేసరికి మన కన్ను ఇంకా సులువుగా మోసపోతుంది. యంత్రం దిద్ది ఇచ్చినదాన్ని కూడా మీ అసలు కాగితాలతో పోల్చే పని మీకు మిగిలే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

అమ్మలారా, అయ్యలారా, "మాకు చదువు రాదు, మేమేం సాయం చేస్తాం?" అని మీరు అనుకోవద్దు. బ్యాంకులో ఒకరు చదివితే ఇంకొకరు చుక్క పెట్టేవారని చెప్పాను గదా. ఆ రెండో మనిషి మీరే. అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు. పాస్ పుస్తకం మీరు పట్టుకోండి, పిల్లను అర్జీ చూసి ఒక్కో అంకే చదవమనండి. మీ పుస్తకంలో అదే అంకె ఉంటే "ఊ" అనండి, లేకపోతే ఆపండి. అంకెలు కూడా రాని తల్లి ఉంటే, పిల్లవాడు రాసిన వ్యాసాన్ని ఆమెకు తెలుగులో చెప్పమనండి. ఆమెకు అర్థం కాని చోట "ఏమిట్రా అది, మళ్ళీ చెప్పు" అంటుంది. పిల్లవాడు తడుముకుంటే వాక్యం అక్కడే తిన్నగా లేదన్నమాట. పట్టుగూళ్ళ కుప్పలో పలచని గూడును చేతితో తాకి పసిగట్టే మనిషికి ఈ మాత్రం పసిగట్టడం కష్టం కాదు.

ఇంకొక్కటే కోరతాను. తప్పు దొరికినప్పుడు పిల్లల్ని కసురుకోకండి. కసురుకుంటే రేపటి నుంచి మీకు చూపించరు. ఒంటరిగా రాసి, ఒంటరిగా చదివి, ఇచ్చేస్తారు. అదే ప్రమాదం. అంకె తప్పింది, మంచిదే, ఇంట్లోనే దొరికింది అనండి. ఇంట్లో దొరికిన తప్పుకు వడ్డీ కట్టనక్కర్లేదు.

పిల్లలూ, ఈ సభ అయ్యాక ఇంటికి వెళ్ళి మూడు పనులు చేయండి. మార్కుల కార్డు, ఆధార్, పాస్ పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి మీ పేరు మూడింటిలోనూ ఒకేలా ఉందో లేదో చూడండి. తప్పుల చిట్టాకు ఒక నోటు పుస్తకం తెరవండి. మీ రాత చూసి పెట్టడానికి ఇంట్లోనో, తరగతిలోనో ఒక మనిషిని ఏర్పాటు చేసుకోండి, మీరు కూడా వాళ్ళ రాత చూసి పెట్టండి. వచ్చే ఏడాది అర్జీలు ఇచ్చేముందు ఎవరైనా నా దగ్గరికి తెస్తే, ఇంకో కన్నుగా నేనూ చూసి పెడతాను. పాస్ పుస్తకం మాత్రం మరిచిపోకుండా వెంట తీసుకురండి, అది లేకుండా నేను చూసినా లాభం లేదు.